బంగాళాదుంపల డ్యూటీ

దేశ సమాచార భద్రత, అది మొదటిది, ఆధునిక యుద్ధంలో సాంకేతిక పరిజ్ఞానం పాత్ర, అది రెండోది, మూడోది సమన్వయమో సంసిద్ధతో, పొద్దున పళ్ళు తోముకుంటున్నప్పుడు కూడా నోట్లోనే ఉంది, నురగతో పాటు ఉమ్మేసినట్టున్నాను, ఇప్పుడీ బెంచీ మీద వీపు ఆనించకుండా కూర్చుని ఎంత వెతుక్కున్నా దొరకడం లేదు, ఎదురుగా తలుపుకి ఇత్తడి పలక, అందులో నా మొహం సాగిపోయి గుమ్మడికాయలా ఉంది, లోపల కమాండెంట్‌గారూ కంప్యూటర్ విభాగం ప్రొఫెసర్ మేడమూ, ఈ మిలిటరీ అకాడమీలో రెండో ఏడు మొదలయ్యే ముందు ప్రతి క్యాడెట్టూ ఒక చదువు ఎంచుకోవాలి, ఎందుకు ఎంచుకున్నామో వాళ్ళిద్దరికీ చెప్పి ఒప్పించాలి, కంప్యూటర్ సైన్సుకి సీట్లు ఇరవై, అడిగినవాళ్ళం నలభై ఇద్దరం, రానివాళ్ళు సివిల్‌కి, అంటే వంతెనలు కట్టడానికి, వంతెనలంటే నాకు గౌరవమే, ఎండంటేనే పడదు, నిజం చెప్పమంటే నా అసలు కారణం ఆ ల్యాబులో ఏసీ ఉంది, కుర్చీలకు వీపులు ఉన్నాయి, కానీ కమాండెంట్ ముందు సెల్యూట్ కొట్టి సార్, కుర్చీలు బాగున్నాయి సార్ అంటే అట్నుంచటే ఇంటికి పంపించేస్తారు, అందుకే సీనియర్ రాసిచ్చిన కాగితం, దాన్ని నలభై ఇద్దరం జిరాక్సు తీసుకున్నాం, లోపలికి వెళ్ళినవాడల్లా అదే అప్పజెబుతున్నాడు, తలుపు సందులోంచి దేశ సమాచార భద్రత అని వినిపించడం ఇది పదిహేనోసారి.

నాన్నకి మెకానికల్ మీద మనసు, బస్సు డిపోలో మెకానిక్కు మరి, మొన్న ఫోన్లో అదే పాట, ఇంజనైతే చెయ్యిపెట్టి చూడొచ్చమ్మా, పాడైతే చప్పుడు చేస్తుంది, మీ కంప్యూటరు పాడైతే ఏం చేస్తుంది, ఏమీ చెయ్యదు నాన్నా, ఊరుకుంటుంది అన్నాను, ఊరుకునేవాళ్ళతోనే భయం తల్లీ అన్నాడు, ఇంతలో మేనత్త ఫోను లాక్కుంది, కోర్టులో టైపిస్టు ఆవిడ, టైపు కొట్టడానికైతే మా ఆఫీసులో కొట్టుకోవచ్చు కదే, దానికోసం చీకటితో లేచి పరుగులెత్తడం ఎందుకే పిచ్చిదానా అంది, టైపు కాదత్తా అనబోయాను, ఏదైతేనేం వేళ్ళతో కొట్టేదేగా అంది, టప్ టప్ టప్, బూట్లు, లేచి నిలబడు, మైకు వస్తున్నాడు, మా డ్రిల్ మాస్టర్‌కి మేం చాటుగా పెట్టుకున్న పేరది, ఆయన అరిస్తే మైదానం అవతల ఆవులు కూడా మేత ఆపి బిగుసుకుంటాయి, ఏం క్యాడెట్, భయమా, లేదు సార్, అబద్ధం, అవును సార్, ఊఁ అని వెళ్ళిపోయాడు, ఆయన వీపు చూస్తే చాలు నాకు బంగాళాదుంపలు గుర్తొస్తాయి, వద్దు, ఇప్పుడు కాదు, మూడోది ఏమిటి, సమన్వయం.

కానీ గుర్తొచ్చాక ఆగుతుందా, పోయిన నెల ఆఫీసు గుమాస్తా సెలవు పెట్టాడు, డ్యూటీ చార్టు మైకు నెత్తిన పడింది, పెన్సిలూ రబ్బరూ పట్టుకుని రెండు గంటలు కుస్తీ పట్టి, నన్ను పిలిచి, నీకు కంప్యూటరు వచ్చటగా, దీని పని పట్టు అన్నాడు, నలభై నిమిషాల్లో ప్రోగ్రాం రాసేశాను, మా దళం రిజిస్టరులోని పేర్లన్నీ ఎక్కించి అందరికీ సమానంగా డ్యూటీలు, ఎవరూ గొణగడానికి వీల్లేదు, ప్రింటు తీశాను, కమాండెంట్‌గారు సంతకం పెట్టారు, బోర్డు మీద గుచ్చేశాం, దళానికి పెద్దగా ఆ రిజిస్టరులో మొట్టమొదటి పేరు మైకుదే అన్న సంగతి నాకు తట్టలేదు, బుధవారం పది గంటలకి వంటగదిలో బంగాళాదుంపలు ఒలిచే డ్యూటీ మైకుకి పడింది, వచ్చాడు, కాగితం చూశాడు, బస్తా చూశాడు, మళ్ళీ కాగితం కింద సంతకం చూశాడు, టోపీ తీసి కొక్కేనికి తగిలించి పీట లాక్కున్నాడు, వంటవాడు బిక్కచచ్చిపోయి సార్, మీరు లేవండి సార్, మీకెందుకు సార్ అంటుంటే ఆర్డరంటే ఆర్డరే, కత్తి ఇలా తే, అని గంటన్నరసేపు ఒలిచాడు, ఒలిచినవాటిని మూడు వరసల్లో నిలబెట్టాడు, ఎంత మందంగా చెక్కాడంటే పిడికిలంత దుంప గోళీకాయంత అయి తేలింది, తలుపు చాటున నోరు మూసుకుని నవ్వి నవ్వి నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి.

ఆ మధ్యాహ్నమే, అదే చార్టులో, గేటు దగ్గర కాపలా, పన్నెండు నుంచి రెండు వరకు, బక్కోడు, మా దళంలో నిక్కరుకి కూడా బెల్టు కావాల్సినవాడు, వాడికి రెండ్రోజులుగా జ్వరం, జబ్బు రిజిస్టరులో పేరుంది, కానీ అది వేరే రిజిస్టరు, నేను తెరవనే లేదు, చార్టులో ఉంది కాబట్టి వాడు వెళ్ళి నిలబడ్డాడు, ఒకటిన్నరకి తుపాకీతో సహా పలకలా బోర్లా పడ్డాడు, గడ్డానికి మూడు కుట్లు, నాలుగు రోజులు ఆసుపత్రి, గుమాస్తా వచ్చి కంప్యూటర్ పొరపాటు అన్నాడు, డాక్టరూ అదే అన్నాడు, మంచం మీద పడుకుని బక్కోడే అడిగాడు, ఆ కంప్యూటరుకి నా మీద ఏం కోపమే అని, నేనూ నవ్వాను, నవ్వి అవునవును కంప్యూటర్ పొరపాటే అన్నాను, నెలయింది, ఆ మాట గొంతులో చేపముల్లులా అలాగే ఉంది, మింగుడు పడదు, బయటికి రాదు, క్యాడెట్ నూట పదిహేడూ, అయ్యో నేనే, లోపలికి.

సెల్యూట్, కమాండెంట్‌గారు పెన్ను కింద పెట్టి కళ్ళు నులుముకుని, దేశ సమాచార భద్రత, అంతేనా, సార్, రెండోది ఆధునిక యుద్ధం, సార్, విని విని నాకే నోటికొచ్చేసిందమ్మా, మూడోదైనా నీ నోటితో చెప్పు, మేడమ్ నవ్వాపుకోడానికి ఫైలు అడ్డం పెట్టుకున్నారు, నేను నోరు తెరిచాను, సమన్వయం రాలేదు, బంగాళాదుంపలు సార్ అన్నాను, ఏ బంగాళాదుంపలు, ఇక దాచి లాభం లేదు, డ్రిల్ మాస్టర్ చేత దుంపలు ఒలిపించిన ఆ చార్టు నేను వేసిందే సార్, అది కంప్యూటర్ పొరపాటు కాదు సార్, జబ్బు రిజిస్టరు ఒకటుందని నేను దానికి చెప్పలేదు, చెప్పనిది దానికెలా తెలుస్తుంది, నా వల్ల బక్కోడు, కాదు సార్, క్యాడెట్ నూట ఇరవై నాలుగు పడిపోయాడు, కమాండెంట్‌గారు నావైపే చూస్తూ, కింద సంతకం ఎవరిది, మీది సార్, చదివే పెట్టానా, అవునంటే ఒక తప్పు, కాదంటే ఇంకో తప్పు, తెలీదు సార్ అని నీళ్ళు నమిలాను, చదవలేదు అన్నారాయన, కిటికీ వైపు తిరిగి ఇంకోసారి, చదవలేదు, అప్పుడు మేడమ్ ఫైలు దించి, జ్వరంగా ఉందని ఆ అబ్బాయి చెప్పొచ్చుగా, ఎందుకు వెళ్ళాడు, చార్టులో ఉందని మేడమ్, మీ డ్రిల్ మాస్టర్ దుంపలు ఎందుకు ఒలిచాడు, చార్టులో ఉందని మేడమ్, ఆవిడ నా కాగితం మీద ఏదో రాసి, సోమవారం ల్యాబుకి రా, ఆ ప్రోగ్రాం పట్టుకురా, ముందు అది బాగుచెయ్యి, పాఠాలు ఆ తర్వాత, అన్నారు, అంటే సీటు వచ్చినట్టా, వచ్చినట్టే, తలుపు దాకా వెళ్ళాక వెనక నుంచి కమాండెంట్‌గారు, ముందు ఆ అబ్బాయికి చెప్పు, తర్వాత మీ మైకుకి, ఓరి దేవుడా, ఆ పేరు ఈయనకీ తెలుసన్నమాట.

బక్కోడు బ్యారక్ మెట్ల మీద బూట్లకి పాలిష్ పెట్టుకుంటున్నాడు, గడ్డం మీద గీత గులాబీరంగులో, చెప్పేశాను, ఒక్క గుక్కలో, వాడు బ్రష్షు ఆపి, నువ్వా, అంటే కంప్యూటరుకి నా మీద కోపం లేదా, హమ్మయ్య, మా అమ్మ ఇంట్లో కంప్యూటరు మీద దుప్పటి కప్పేసి ఎవర్నీ ముట్టుకోనివ్వట్లేదు, ఫోన్ చేసి తియ్యమంటాను, అని బ్రష్షు పక్కన పెట్టి, నెల్రోజులు పట్టిందా ఈ ముక్క చెప్పడానికి అన్నాడు, నవ్వకుండా, అదొక్కటే అన్నాడు, అది చాలింది, కళ్ళు దించేసుకున్నాను, సాయంత్రం పరేడుకి ముందు మైకు దగ్గరికి వెళ్తే పొరపాటు నీదని నాకు ఆ రోజే తెలుసు అన్నాడు, మామూలు గొంతుతో, ఆయనకు మామూలు గొంతు ఉందని అప్పుడే తెలిసింది, మరెందుకు ఒలిచారు సార్, నా పేరు కొట్టేసుకుంటే రేపు ఆ చార్టుని ఎవడు లెక్కచేస్తాడు, అయినా నేనూ తక్కువ తినలేదు, నా పేరు చూసుకుని నవ్వుకుంటూ అక్కడే ఆగిపోయాను, కింద ఆ పిల్లాడి పేరు చూడలేదు, పో, వరసలో నిలబడు.

నిలబడ్డాను, మైకు ఊపిరి పీల్చాడు, అటెన్షన్, మూడొందల బూట్లు ఒక్క దెబ్బకి నేలను తాకాయి, నా కాలు నేను అనుకోకముందే లేచి దిగింది, ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు, ల్యాబులోని ఆ పెట్టె కూడా ఇలాగే, చెప్పింది చెప్పినట్టు, జ్వరమొచ్చినా ఎండకొట్టినా ఎదురుచెప్పదు, ఇలా మాట వినేవాళ్ళకి మాట చెప్పేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెప్పాలి, నాకు రానిది అదే, నేను నేర్చుకోవాల్సింది అదే.