నాకు కనపడని స్టేటస్

అల్లం పొట్టు గీకుతుంటే నాగరాణి ఫోన్ చేసింది. కోహీర్‌లో ఉంటుంది, నాకు ఆడబిడ్డ వరస. అదీ ఇదీ మాట్లాడి పెట్టేసే ముందు, “పొద్దుగాల అన్న పెట్టిన స్టేటస్ మస్తున్నది వదినె,” అంది. తెలిసినట్టే ఊఁ కొట్టాను. ఆ తర్వాత చూస్తే మా ఆయన చందర్ స్టేటస్ ఏమీ లేదు. కోహీర్‌లో కనపడింది ఇంట్లో ఉన్న నాకెందుకు కనపడదు?

ఎందుకో నాకు తెలుసు. ఆ విద్య ఆయనకు నేర్పింది నేనే. మేం అమ్మేది అల్లం తొక్కు, పేరు ‘ఘాటు’. నూరేది నేను, సీసాలకెత్తేది నేను, ఫోన్లో దాని గురించి రాసేదీ నేనే. ఎవరికి ఎలా రాయాలో పడుతూ లేస్తూ నేర్చుకున్నాను. ఇన్‌స్టాలో హాస్టల్ పిల్లలు చూస్తారు, వాళ్లకు వేడి అన్నంలో తొక్కు కలిపే వీడియో చాలు, మాటలు అక్కర్లేదు. ఫేస్‌బుక్‌లో నా ఈడు ఆడవాళ్లుంటారు, చింతపండు ఎంతసేపు నానాలో చెప్పకపోతే వాళ్లు నమ్మరు. అన్నిట్లోనూ నా చేతులే కనపడతాయి. ఇంటి ఆడవాళ్ల ముఖం నలుగురికీ ఎందుకని చందర్ అన్నాడు, సరే అనుకున్నాను. ఇక వాట్సాప్‌లో కొనేవాళ్లతో పాటు మనవాళ్లూ ఉంటారు. అక్కడ ధర పెడితే చుట్టాలకు కోపం, మా దగ్గర కూడా పైసలేనా అని. అందుకే ధర ఉన్న స్టేటస్ వాళ్లకు కనపడకుండా పెట్టేదాన్ని. అలా ఎలా పెట్టాలో చందర్‌కు చూపించాను. ఇప్పుడు ఆయన నాకే కనపడకుండా పెట్టాడు.

అనుమానం పెనుభూతం అంటారు. ఆ రోజంతా దాన్ని నెత్తిన పెట్టుకునే ఇంటిపని చేశాను. ట్రాక్టర్ల కంపెనీలో షిఫ్టు దిగి వచ్చి ఆయన ఫోన్ బోర్లా పెడితే ఒక ఆలోచన, వెల్లకిలా పెడితే ఇంకో ఆలోచన. ఏదో చదివి నవ్వుకుంటుంటే చాయ్ ఇచ్చే నెపంతో వెనక నిలబడ్డాను. ఇదేం బతుకని నన్ను నేనే తిట్టుకున్నాను. చివరికి సిగ్గు విడిచి నాగరాణినే అడిగితే, తన కూతురి ఫోన్‌తో ఆ స్టేటస్‌ను వీడియో తీసి పంపింది.

వేరే ఆడది ఉందేమో అనుకున్నాను. ఉంది. మా అత్త నారమ్మ.

పట్టుచీర కట్టుకుని నా పొయ్యి ముందు కూర్చుని, నేను నూరి పెట్టిన తొక్కులో గంటె తిప్పుతోంది. కింద “మా అమ్మ చేతి తొక్కు. మా తొక్కు అమ్మకానికి పెడతామన్న హైదరాబాద్ స్టోర్ వాళ్లు ఈ ఆదివారం అమ్మను వీడియో తీయడానికి వస్తున్నారు,” అని రాసి ఉంది. నేను ఝరాసంగంలో పెళ్లికి వెళ్లినప్పుడు తీసి ఉంటారు. రెండు రోజులు ఉండి రమ్మని ఆయనే ఆటో ఎక్కించాడు. ఎంత మంచివాడో అని దారి పొడుగునా మురిసిపోయాను కూడా. నిజంగా ఇంకో ఆడదే అయినా ఇంత ఏడుపు వచ్చేది కాదు.

అడిగాను. ఆయన తడబడనైనా లేదు.

“పెద్దామె ముఖం జూస్తె జనం నమ్ముతరు. ఎవరికి ఎట్ల జెప్పాల్నో అట్ల జెప్పాలె అని నువ్వే అంటవు గద.”

నా పాఠం నాకే అప్పజెప్పాడు. మరి నా దగ్గర ఎందుకు దాచావంటే, నువ్వు లొల్లి జేస్తవని అన్నాడు. అంటే ఆయనకు నేనూ ఒక రకం జనమే. స్టోర్ వాళ్లకు అమ్మను చూపించాలి, నాకు ఏమీ చూపించకపోతే సరిపోతుంది.

అత్త పక్కనే కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. కొడుకుతో కలిసి బాగానే నాటకం ఆడావని ఆమె మీదా ఒక మాట విసిరాను. ఆమె తలెత్తలేదు.

“నన్నెవరు అడిగిన్రు? పట్టుచీర కట్టుకో, గీడ కూసో అన్నడు. కూసున్న. వీని నాయిన గూడ గిట్లనే ఉండె.”

అది నిజమో, తప్పించుకోవడమో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. కానీ మర్నాడు చందర్ డ్యూటీకి పోయాక ఫోన్ ఆమె చేతిలో పెట్టి పట్టుకోమంటే, కాదనకుండా పట్టుకుంది. వీడియో కాస్త అదిరింది. నేను పొయ్యి ముందు కూర్చుని, తొక్కుకు తాలింపు పెడుతూ మొదటిసారి ముఖం చూపించాను.

ఈసారి పిల్లలకో మాట, ఆడవాళ్లకో మాట అని విడగొట్టలేదు. “ఈ తొక్కు నూరేది నేను, శ్యామల. ఆదివారం వచ్చేవాళ్లు నాతో మాట్లాడాలి,” అని రాసి, కింద ధర వేసి, మూడు చోట్లా అదే పెట్టాను. వాట్సాప్‌లో దాచిపెట్టే పేర్లన్నీ తీసేశాను.

మా చుట్టాలకు మొదటిసారి ధర కూడా కనపడింది.