పెంటదిబ్బలో మూడు ముక్కలు

ప్రేమకుమారి నిద్ర లేచేసరికే సుశీలమ్మ పెంటదిబ్బ తవ్వేసింది. కూతురు ఎం.టెక్ ప్రాజెక్టు కోసం మూణ్ణెల్ల కిందట అక్కడ మూడు కవరు ముక్కలు పాతింది. వాటిలో ఒకటే దొరికితే సబ్బు పెట్టి ఉతికి కంచె మీద ఆరేసింది కూడా.

"చూడు పాపా, యెట్లుందో! చిరగలా, చివకలా. తక్కిన రెండూ యాడ పోయినయ్యో, ఒట్టి నాసిరకం."

ప్రేమకుమారి కంచె దగ్గరికి పోయి ఆ ముక్కను వేలితో తడిమింది. తల్లి నాసిరకమన్న ఆ రెండే మట్టిలో కలిసిపోయినవి. మూడూ ప్లాస్టిక్కుకు బదులుగా మొక్కజొన్న గంజితో ఆమె చేసిన పొరలే. వానకు కరగకూడదని మూడోదానికి కెమికల్ బాగా దట్టించింది. దాంతో నీళ్లు దూరలేదు. నీళ్లే దూరని చోట సూక్ష్మజీవులూ దూరలేదు. సైన్సు తన పని తాను చక్కగా చేసింది.

పోయినేడు వాళ్ల బర్రె చచ్చిపోతే, పశువుల డాక్టరు పొట్ట కోసి తట్టెడు కవర్లు తీశాడు. ఆ తట్ట చూశాకే ఆమె ఈ ప్రాజెక్టు ఎత్తుకుంది.

పది గంటలకు మార్కాపురం నుంచి వీరభద్రయ్య స్కూటర్ మీద వచ్చాడు. ఆయనది కవర్ల దుకాణం. ఈ పొరను మిషన్ మీద తయారు చేయిస్తానని, ఆ పని చూసుకునే ఉద్యోగం ప్రేమకుమారికే ఇస్తానని మాటిచ్చాడు. కంచె మీది ముక్కను రెండు చేతులా లాగి చూశాడు.

"భలే గట్టిగుందమ్మా. ఇదే కానిద్దాం. 'మట్టిలో కలిసిపోతుంది' అని మీద అచ్చేయిస్తా."

"అది కలవలేదు శెట్టిగారూ. మూణ్ణెల్లు పెంటలో ఉండి, అట్లనే వచ్చింది."

"ఇయ్యాల కాకపోతే పదేళ్లకు కలుస్తాదిలే. మనిషే కలుస్తాడు, కవరు కలవదా?"

"బర్రె పదేళ్లు ఆగదు గదండీ."

"ఎవురు తవ్వి చూస్తారు పాపా?"

"మా అమ్మ తవ్వింది."

వీరభద్రయ్య ముక్కను మళ్లీ కంచె మీద వేశాడు. "సదువుకున్నదానివి. ఆలోచించుకో."

"ఆలోచించినానండీ. కలిసేది చేసినాక నేనే మీ దుకాణానికొస్తా."

స్కూటర్ మలుపు తిరగ్గానే సుశీలమ్మ కూతురి దగ్గరికొచ్చింది.

"ఉద్యోగం ఇచ్చే మనిషిని అట్ల పంపిస్తివేందే? నేను తవ్వి తప్పు జేసినానా?"

"లేదుమా. నువ్వు తవ్వకపోతే నేనే ఊఁ అనేదాన్నేమో."

 సుశీలమ్మ కంచె దగ్గరికి పోయి ఆ ముక్కను తీసి, మడిచి కూతురి చేతిలో పెట్టింది.

"లోపల పెట్టు. మేకలొచ్చే యాళయింది."