పక్క సీటు తలుపు

మా అత్తయ్యకి రెండు విషయాల్లో ఎదురు చెప్పకూడదు. ఒకటి ఆవిడ వయసు, రెండోది మామయ్య కారు.

"ఈ బండి కొన్న రోజు నుంచి దీని తలుపులకి స్క్రూడ్రైవరు తగల్లేదు. మీ మామయ్య నాకు ఒట్టేసి చెప్పారు," అని నా పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టి ఇప్పటికి వెయ్యిసార్లు చెప్పి ఉంటారు. నా పని పాత కార్ల తలుపు తాళాలు బాగుచేయడం. ఎక్కడెక్కడి నుంచో నన్ను వెతుక్కుంటూ వస్తారు. ఇంట్లో ఉన్న కారు తాళం మాత్రం ఇరవై ఏళ్లలో ఒక్కసారీ విప్పనివ్వలేదు మహాతల్లి.

మామయ్య పోయి రెండేళ్లయింది. ఆ కారుని పాత బండ్ల ప్రదర్శనశాలకి ఇవ్వాలని అత్తయ్య పట్టుబట్టారు. కారు పక్కన ఆయన పేరుతో ఒక అట్ట పెడతారట. అందులో ఏం రాయాలో అప్పుడే నాలుగు కాగితాలు ఖరాబు చేశారు. అయితే ప్రతి భాగమూ ఫ్యాక్టరీలో వేసిందే అయి ఉండాలని వాళ్ల షరతు. అందుకని పరీక్ష చేసే ఆయన వస్తే, తాళాలు విప్పే పని తప్పక నాకు దక్కింది. ఆయన కంటి నుంచి భూతద్దం దిగదు కాబట్టి మేం పెట్టుకున్న పేరు కూడా భూతద్దమే.

ఒక్కో తాళంలో అరచేతిలో ఇమిడే పళ్ల చక్రం ఒకటి ఉంటుంది. తలుపు వేస్తే అది తిరిగి, తలుపు చట్రానికున్న మేకుని పట్టుకుంటుంది. మూడు తలుపుల్లో స్టీలు చక్రాలున్నాయి. డ్రైవరు పక్క సీటు తలుపులో ఇత్తడిది బయటపడింది.

"మా పుస్తకంలో స్టీలే ఉందండి," అన్నాడు భూతద్దం. "పైగా దీని పళ్లు చూడండి, నిన్ననే కోసినట్టున్నాయి. ఇది తర్వాత వేసిందే."

నేనూ తల ఊపాను. నలభై ఏళ్లు తిరిగిన బండిలో అరగని చక్రం కొత్తదే అవుతుంది కదా!

అత్తయ్య ముఖం వాడిపోయింది. "అంటే ఆయన నాతో అబద్ధం చెప్పారంటారా?"

భూతద్దం మనసు మెత్తన. "ఒక్క చక్రమే కదమ్మా. స్టీలుది వేయించి ఉంచండి, సాయంత్రం వచ్చి సంతకం పెట్టేస్తా," అని వెళ్లిపోయాడు.

అలాంటి స్టీలు చక్రం నా డబ్బాలో ఉంది. అత్తయ్య షెడ్డులో స్టూలు మీద కూర్చున్నారు. తిట్టలేదు, సణగలేదు. ఆవిడ తిడుతూ ఉంటేనే నాకు పని సాగుతుంది. ఆ చిరాకులో ఇత్తడి చక్రాన్ని ఊడబెరికాను. కానీ ఏ భాగాన్నయినా తుడిచేముందు వెనక్కి తిప్పి చూడమని మా నాన్న నేర్పిన అలవాటు. చెయ్యి దానంతటదే తిప్పింది. గ్రీజు కింద మూడు చిన్న అంకెలు కనిపించాయి, నాలుగు ఒకటి ఏడు.

వెళ్లి బానెట్ ఎత్తి చూశాను. ఫ్యాక్టరీలో చెక్కిన బండి నంబరు చివర కూడా నాలుగు ఒకటి ఏడే.

మిగతా మూడు చక్రాలూ తీశాను. వాటి వెనక ఒక్క అంకె కూడా లేదు. ఆ తాళాల చుట్టూ రంగు రెండు ఛాయల్లో ఉంది. ఇత్తడి ఉన్న చోట మాత్రం మొదట వేసిన రంగు చెక్కు చెదరలేదు. మాది ఆ రకంలో మొదట తయారైన బండ్లలో ఒకటి, పుస్తకం అచ్చయ్యేనాటికి ఇత్తడి పోయి స్టీలు వచ్చి ఉంటుంది. అసలుది ఇదే. అరిగిపోతే మార్చినవి ఆ మూడూ. నలుగురిలో ఒకడు వేరుగా ఉంటే తప్పు వాడిదేనని తేల్చేసిన నా తెలివికి సిగ్గేసింది.

నోరు మూసుకుని నాలుగో స్టీలు చక్రం వేసేస్తే కారు ప్రదర్శనశాలకి వెళ్లిపోతుంది. కాసేపు ఆలోచించాను కూడా. కానీ నా కడుపులో మాట దాగదు. చెప్పేశాను.

"ఒకటనుకుంటే మూడా!" అత్తయ్య లేచి నిలబడ్డారు. "మా అమ్మకి బాగోలేదని నేను నెల్లాళ్లు వెళ్లినప్పుడే అయ్యుంటుంది. వచ్చేసరికి కారు కడిగి తళతళలాడించి పెట్టారు. ఎన్నడూ లేనిది కారు కడిగారంటే అప్పుడే నాకు అనుమానం రావద్దూ?"

"ఇదొక్కటే ఎందుకు అరగలేదు అత్తయ్యా? ఈ పక్కన ఎవరూ కూర్చునేవారు కాదా?"

"ఎవరూ ఏంటి, నేనేగా! నలభై ఏళ్లూ!"

"మరి తలుపు వేస్తే అరగాలి కదా."

"నన్నెక్కడ వేయనిచ్చారే? మీరందరూ దిగి ధనాధన్ వేసేసి పోయేవారు. నేను ఎక్కినా, దిగినా మాత్రం ఆయనే చుట్టూ తిరిగొచ్చి, రెండు చేతులతో ఆనించి వేసేవారు. వానలో కూడా. నాకు తలుపు వేయడం కూడా చేతకాదనుకున్నారని ఒళ్లు మండిపోయేది. ఎన్నిసార్లు పోట్లాడానో…"

నేను చక్రాన్ని ఆవిడ చేతిలో పెట్టాను. బొటనవేలితో ఒక్కో పన్నూ తడుముతూ పోయారు. ఎక్కడా అరగలేదు. ఆవిడ ఏడుస్తుంటే నాకూ ఏడుపొచ్చింది. దాచుకోవడానికేముంది!

సాయంత్రం భూతద్దం పెన్ను మూత తీసి మరీ వచ్చాడు.

"మూడు తలుపులకి మార్చారట, రాసుకోండి," అన్నారు అత్తయ్య.

నేను అంకెలు చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు. "నాలుగోది కూడా స్టీలు వేస్తే ఎవరికీ తెలియదు కదమ్మా," అన్నాడు మెల్లగా.

"దాని చోట ఇంకోటి వేయనివ్వను."

"అయితే కారు తీసుకోలేమండి."

"వద్దులెండి. ఇంట్లోనే ఉంటుంది."

ఆయన వెళ్లాక మిగతా మూడింటితో పాటు ఇత్తడి చక్రాన్నీ మళ్లీ బిగించాను. అత్తయ్య పక్క సీట్లో ఎక్కి కూర్చుని, తలుపు వెయ్యమన్నారు. రెండు చేతులతో పట్టుకుని వేశాను.

"అలా కాదు. ఇంకా మెల్లగా."

మళ్లీ వేశాను. ఊహూ అన్నారు. మూడోసారి ఊపిరి బిగబట్టి, తలుపుని ఆనించి, మెత్తగా నొక్కాను.

"నీకు చేతకావట్లేదే అమ్మాయ్," అన్నారు అత్తయ్య కళ్లు తుడుచుకుంటూ.