ఒటీలియా వేసిన చెయ్యి

వైసెన్సే ఊళ్లోని గాజుకప్పు సినిమా స్టూడియోలో వడ్రంగులు ఏ వస్తువునైనా నిటారుగానే చేసేవారు. సినిమాకు కావలసినట్టు దాన్ని వంకర పెట్టడం ఒటీలియా పని. యుద్ధం ముగిసి రెండేళ్లయినా కరెంటు అరకొరగానే వచ్చేది. దీపాలతో నీడలు పుట్టించే వీలులేక, గుడ్డగోడల మీద ముందే నల్లరంగుతో నీడలు వేసుకునేవారు. ఒటీలియా పొద్దున దీపస్తంభానికి వంకర నీడ వేస్తే, మధ్యాహ్నానికల్లా స్తంభమూ వంగేది. పొట్టికాలు కుర్చీకి నీడలో కాలు సరిచేస్తే కుర్చీ ఊగడం మానేది. ఇందులో ఎవరికీ వింతేమీ కనబడలేదు. వడ్రంగి హెన్నింగ్ మాత్రం, "ఆవిడ చల్లగా ఉండాలి, నాకు సగం చాకిరీ తప్పింది" అంటూ ఊరవేసిన దోసకాయ నములుతూ కూర్చునేవాడు.

మనుషుల నీడల జోలికి మాత్రం ఆవిడ వెళ్లేది కాదు. ఒకసారి ఓ నటి బతిమాలితే నడుము సన్నంగా వేసింది. పాపం, ఆ పిల్ల వారంపాటు చారు తప్ప ఏమీ మింగలేకపోయింది.

ఆ చలికాలం వాళ్లు తీస్తున్నది ఓ దెయ్యం కథ. మాటల్లేని మూకీ సినిమా కాబట్టి భయమంతా కళ్లతో, చేతులతోనే పెట్టాలి. గడియార స్తంభంలో కాపురముండే దెయ్యం జనం ఆయుష్షులోంచి గంటలు దొంగిలిస్తుంది. ఆఖరున చెయ్యి చాచి గడియారం ముల్లును పట్టి ఆపేస్తుంది. వేలెడేసి మైనం గోళ్లు తగిలించుకునే ఆ వేషం లుడ్గర్‌ది. ఆరడుగుల పైన మనిషి, మాట వెన్న. యుద్ధానికి ముందు వాచీలు బాగుచేసేవాడు. కందకాల్లోంచి తిరిగొచ్చాక కుడిచెయ్యి వణుకుతూనే ఉంది, వాచీలో చిన్న మరమేకుల్ని పట్టే చిమటా పట్టుకుంటే నిలవదు. అందుకే వేషాల్లోకి వచ్చాడు.

ఆ ఆఖరి సన్నివేశం నాలుగుసార్లు తీశారు. నాలుగుసార్లూ ముల్లు గజగజలాడింది.

"నువ్వు గడియారాన్ని ఆపుతున్నావా, దానికి చలిజ్వరం తెప్పిస్తున్నావా?" అన్నాడు డైరెక్టరు కెస్సెనిష్. "మధ్యాహ్నం ఇంకొక్కసారి చూస్తాను. అప్పటికీ ఇంతే అయితే రేపు వేరే దెయ్యాన్ని వెతుక్కుంటాను."

భోజనాల వేళ లుడ్గర్ వంకరమెట్ల మీద కూర్చున్నాడు. ఒటీలియా నల్లరొట్టె విరిచి సగం ఇచ్చింది.

"ఈ వేషమూ పోతే నాకింక దిక్కులేదు ఒటీలియమ్మా. వణికే చేతికి పని ఎవరిస్తారు?"

ఆవిడ రొట్టె నమలడం పూర్తిచేసి చేతులు దులుపుకుంది. "నియమం పెట్టుకున్నదాన్ని నేనే, తీసేసేదాన్నీ నేనే. లే నాయనా, గడియారం పక్కన నిలబడు."

అతను చెయ్యి చాచాడు. అది మామూలుగానే వణికింది.

"దాని సంగతి వదిలెయ్. అప్పట్లో వాచీలో వెంట్రుకంత స్ప్రింగు ఎలా కూర్చోబెట్టేవాడివో చెప్పు."

"ముంజేతిని బల్లకి ఆనించి, ఊపిరి బిగబట్టి..." అతను చెబుతూ పోయాడు. ఆవిడ వింటూ గోడమీద అతని చేతినీడ వేసింది. రంగు ఆరాక హెన్నింగ్ వచ్చి చూసి, నమలడం ఆపాడు.

"మైనం గోళ్లు తీయించలేదేం?"

ఒటీలియా గోడవంక చూసింది. నీడకు వేలెడేసి గోళ్లున్నాయి. రోజూ ఆ వేషంలో చూసిచూసి ఆవిడ కంటికి అవి అతని గోళ్లే అయిపోయాయి.

"నాదే పొరపాటు. ఇప్పుడు దిద్దితే చెయ్యే చెడుతుంది, ఉండనీ" అంది.

మధ్యాహ్నం లుడ్గర్ చెయ్యి గోడవెంట పాకి, తన నీడను చేరి, రాయిలా నిలిచిపోయింది. ముల్లు కదల్లేదు. కెమెరా తిప్పేవాడు దేవుణ్ణి తలుచుకుంటూనే తిప్పాడు. తరవాత లుడ్గర్ మైనం గోళ్లు ఊడదీస్తే కింద తన సొంత గోళ్లు అంతే పొడుగున్నాయి. వాటివంక చూడనైనా చూడకుండా వేడి చారుగిన్నె ఆ కుడిచేత్తోనే ఎత్తి, చుక్క ఒలకకుండా తాగాడు. తాగి, అందరి ముందూ ఏడ్చాడు.

కానీ గుడ్డకు కరువు. సినిమా అయిపోగానే గోడలన్నీ సబ్బునీళ్లతో కడిగి మరో సినిమాకు వాడటం అక్కడి రివాజు. శనివారం బకెట్లు రాగానే, నీడతోపాటు తన చెయ్యీ పోతుందని లుడ్గర్ ముఖం పాలిపోయింది. ఒటీలియా కత్తెర తీసి, నీడచెయ్యి ఉన్నంత మేరా కత్తిరించింది.

"గుడ్డ దొరక్క చస్తుంటే ఏమిటమ్మా ఇది? గోడకు కన్నం పడింది" అన్నాడు కెస్సెనిష్.

"కిటికీ అనుకోండి."

తరవాతి సినిమాలో అందరూ ఆ కిటికీనే మెచ్చుకున్నారు.

వసంతంలో మరో దెయ్యం అవసరమై కెస్సెనిష్ లుడ్గర్‌ను వెతుక్కుంటూ వెళ్లాడు. ట్రామ్ మలుపులో చిన్న వాచీల కొట్టు. బల్లకు పైన గోడకు ఆ గుడ్డముక్క మేకులతో కొట్టి ఉంది.

"నేను రానండీ. నాకిక్కడ చేతినిండా పనుంది. అయినా మీ వాచీ ఆగిపోయినట్టుందే, ఇటివ్వండి."

మూత తెరిచాడు. ఆవగింజలో సగమైనా లేని మరమేకును చూపుడువేలి గోటికొసతో తీశాడు, దుమ్ము ఊది మళ్లీ బిగించాడు.

"చిమటా లేదా నీ దగ్గర?"

"ఉండేది. అమ్మేశాను" అన్నాడు లుడ్గర్, ఆడుతున్న వాచీని ఆయన చేతిలో పెడుతూ.