ఆ ఒక్క ‘నే’

ఆ ఇంట్లో ఆదివారం భోజనాలయ్యాక ముందుగదిలో పంచాయితీ మొదలవుతుంది. ఆ వారం ఎవరు ఏ వీడియో గేమ్ ఆడారు, ఏది బాగుంది, ఏది చెత్త, ఎందుకు చెత్త, ఇదీ విచారణ. పూర్వం వాళ్ళు కూడా లోకంలో అందరిలాగే చుట్టాల గురించి చెప్పుకునేవాళ్ళు. ఆటల గురించి చెప్పుకోవడం మొదలయ్యాక ఇంటికి ప్రశాంతత వచ్చింది. ఎన్ని మాటలన్నా ఆటలు ఫోన్లు చేసి నిష్ఠూరాలాడవు కదా.

పెద్దకొడుకు సిటీ బస్సు డ్రైవరు. రోజంతా బస్సు నడిపి, ఇంటికొచ్చి బూట్లు విప్పి, సోఫాలో కూర్చుని టీవీలో మళ్ళీ బస్సే నడుపుతాడు. ఇదేం పిచ్చిరా అంటే, "ఇందులో జనం నోరు మూసుకుని కూర్చుంటారు" అంటాడు. తమ్ముడు సరదాపడి కొనిచ్చిన కార్ల పందెం ఆట మాత్రం అతనికి సుతరామూ నచ్చలేదు. "ఒక్కడైనా ఇండికేటర్ వెయ్యడు. మలుపు దగ్గర హారన్ కొట్టడు. వీళ్ళకి లైసెన్సులు ఎవడిచ్చాడు?" అంటూ పందెమంతా రోడ్డు అంచునే నడిపి, అందరికన్నా వెనక, గర్వంగా వచ్చాడు.

పెద్దకోడలు నర్సు. ఆసుపత్రి నడిపే ఆట ఒకటుందని ముచ్చటపడి కొనుక్కుని, రెండు రోజుల్లో పక్కన పడేసింది. "రోగి పక్కన ఒక్క చుట్టం లేడు, డాక్టరెప్పుడొస్తాడని నా కొంగు పట్టుకున్నవాడు లేడు. అదేం ఆసుపత్రి?" అంది. ఆవిడకి ప్రాణమైనది శవాలు లేచి మీదికొస్తుంటే తుపాకీతో కాల్చే ఆట. "పొద్దస్తమానం మనుషుల్ని బతికించీ బతికించీ వస్తాను. ఇంటికొచ్చి ఓ అరగంట చంపితే గానీ ప్రాణం కుదుటపడదు."

చిన్నకొడుకుది బేకరీ. అతను ఫుట్‌బాల్ ఆట తప్ప ఇంకోటి ముట్టుకోడు, అందులో గెలవనూ గెలవడు. ఓడినప్పుడల్లా కంట్రోలర్ మీటలు బిగుసుకుపోయాయంటాడు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత తన మరిదిని చూసే పుట్టిందని పెద్దకోడలి నమ్మకం.

మామగారు వాలుకుర్చీలో కళ్ళు మూసుకుని ఉంటారు. ఏ ఆట మీదైనా ఆయన అభిప్రాయం ఒకటే. "సౌండు తగ్గించండి."

ఇక అత్తగారు. ఆవిడ ఉద్యోగమంతా అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దడం. అక్షరం తప్పయితే కొట్టెయ్యాలి, లేకపోతే దిద్దాలి. పొరపాటున కొట్టేసినదాన్ని మళ్ళీ నిలబెట్టాలంటే పక్కన ‘ఉంచు’ అని రాయాలి. ఆ మాట ఆవిడ పెన్నులోంచి వచ్చిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చంటారు. రిటైరయ్యాక మొదట్లో కొడుకుల వెనకాల నిలబడి, తెర మీద కనబడే మాటల్లో తప్పులు చెప్పేది. వెనకనించి ఈ సణుగుడు భరించలేక కొడుకులే చేతికి కంట్రోలర్ ఇచ్చి ముందు కూర్చోబెట్టారు. అప్పటినుంచీ ఆవిడ తీర్పుకి అప్పీలు లేదు. లోకమంతా మెచ్చుకున్న ఒక కత్తుల ఆటని, "పేరు గొప్ప, ఊరు దిబ్బ. శత్రువులు కోటలోకి వచ్చి నిలబడితే రాజుగారు ఉపన్యాసం ఎత్తుకున్నాడు. వాళ్ళూ బుద్ధిగా విన్నారు" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. గళ్ళలో ముక్కలు పేర్చే పాతకాలపు ఆటకి మాత్రం, "బాగుంది. తప్పు దొరకలేదు" అంది. ఆవిడ నోట ‘బాగుంది’ అన్న మాట చిన్నకోడలు విన్నది ఆ ఒక్కసారే.

మిగతావన్నీ ‘బాగానే ఉంది’లే. తెలుగు తెలిసినవాళ్ళకి ఆ రెంటికీ తేడా చెప్పాలా? బాగుంది అంటే బాగుంది. బాగానే ఉంది అంటే, ఏదో ఉంది, ఇంతకన్నా ఆశపడటం మన అత్యాశ అని. చిన్నకొడుకు పుట్టినప్పుడు చేతిలోకి తీసుకుని, "పిల్లాడు బాగానే ఉన్నాడు" అందట. వాడు పెద్దయి బేకరీ పెట్టి మొదటి రొట్టె తెచ్చిపెడితే, విరిచి చూసి, "బాగానే కాలింది" అంది. కాకిపిల్ల కాకికి ముద్దంటారు గానీ, ఈ కాకి ప్రూఫు చూడకుండా ఏ పిల్లనీ ముద్దాడదు.

ఈ కాకి దగ్గరే చిన్నకోడలికి పని పడింది.

చిన్నకోడలు బ్యాంకులకి సాఫ్ట్‌వేర్ రాసే ఆఫీసులో నికరమైన ఉద్యోగం వదిలేసి, వెనకగదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుని, సొంతంగా ఒక ఆట తయారు చేసింది. బొమ్మలు తనే గీసింది, మాటలు తనే రాసింది. రైలు స్టేషన్లో పోయిన వస్తువులు దాచిపెట్టే ఆఫీసు ఒకటుంటుంది. ఆడేవాళ్ళు అక్కడి గుమాస్తా అన్నమాట. కౌంటరు దగ్గరికి ఒక్కొక్కరే వచ్చి, పోగొట్టుకున్న వస్తువు ఇలా ఉంటుంది, అలా ఉంటుంది అని తికమకగా వర్ణిస్తారు. అలమరల్లో వెతికి, ఎవరిది వాళ్ళకివ్వాలి. తుపాకుల్లేవు, కత్తుల్లేవు. ఆట పేరు ‘పోయినవి ఇచ్చట దొరుకును’.

ఆట నెట్‌లో విడుదలైంది. కొన్నవాళ్ళు కొన్నారు. సరిగ్గా అప్పుడే పాత ఆఫీసు నుంచి పెద్దసారు ఫోన్ చేశాడు. "నీ కుర్చీ ఖాళీగానే ఉందమ్మా, వచ్చెయ్." ఆలోచించుకుని చెప్తానంది. లోపల మాత్రం ఒకటి నిర్ణయించేసుకుంది. అత్తయ్య బాగుందంటే రెండో ఆట మొదలుపెట్టాలి, లేదంటే బుద్ధిగా పోయి ఆ కుర్చీలో కూర్చోవాలి. జీవితాన్ని ఒక మనిషి మాట మీద పెట్టడం తెలివితక్కువే. కానీ ఇంట్లో మిగతావాళ్ళ మాటలకి విలువేముంది? బావగారు సగంలో నిద్రపోయి, లేచి, "సూపరమ్మా" అన్నాడు. తోడికోడలు, "చాలా బాగుంది చెల్లీ, ఎవర్నీ చంపక్కర్లేదా?" అని మూడుసార్లు అడిగింది. మొగుడైతే, "అదిరింది" అన్నాడు. అతను పెళ్ళాం మాడ్చిన అన్నాన్ని కూడా అదిరిందంటాడు.

అత్తగారు ఆ ఆట ఆడి ముగించిన ఆదివారం అందరి కళ్ళూ ఆవిడ మీదే. ఆవిడ కళ్ళజోడు తీసి చీరచెంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

"బాగానే ఉంది" అంది.

చిన్నకోడలు నవ్వు మొహాన అతికించుకుని కూర్చుంది.

"ఆ నీలం గొడుగు చూసుకో. ఒకరోజు పిడి కుడికి తిరిగి ఉంటుంది, మర్నాడు ఎడమకి. ఎవరూ ముట్టుకోని గొడుగు ఎలా తిరిగింది?"

"దిద్దుతానత్తయ్యా."

"దానికోసం ఎవరూ రారేం? ఆట అయిపోయినా అది అలమరలోనే ఉండిపోయింది."

"ఎవరూ రారు. అంతే."

"ఊఁ" అంది అత్తగారు, ఆ ఊఁ లో ఏముందో తెలీకుండా.

వెనకగదిలోకి వచ్చిన మొగుడితో చిన్నకోడలు, "సోమవారం ఫోన్ చేసి వస్తానని చెప్పేస్తాను" అంది.

"అమ్మ బాగానే ఉందంది కదే!"

"‘నే’ అంది."

"ఒక్క అక్షరం!"

"మీ అమ్మ బతుకంతా ఒక్కో అక్షరంతోనే గడిచింది."

ఆ సంగతి అతనికి తెలియనిదా? పాపం, పుట్టిన రోజునుంచీ ఆ ‘నే’ మోస్తున్నవాడు. చివరికి అతనే బతిమాలి, ఆ ఫోనేదో ఇంకో వారం ఆగి చేద్దువుగానిలే అని ఒప్పించాడు.

ఆ వారం చిన్నకోడలు బల్ల దగ్గరికే పోలేదు. గొడుగు దిద్దడం ఎంతసేపు, పది నిమిషాల పని. కానీ చెయ్యి రాలేదు. వెళ్ళబోయే ఉద్యోగానికి చీరలు ఇస్త్రీ చేసుకుంటూ, బీరువా సర్దుకుంటూ కాలం గడిపింది. మధ్యాహ్నాలు ముందుగదిలోంచి తన ఆటలోని రైలు కూత వినబడుతూనే ఉంది. అత్తగారు మళ్ళీ ఆడుతోంది. ఇంకా తప్పులు ఏరుతోంది కాబోలు అనుకుంది చిన్నకోడలు, వచ్చే ఆదివారానికి పెద్ద జాబితానే చదువుతుందని.

మరుసటి ఆదివారం పంచాయితీకి పైవాటా ఆయన కూడా దిగాడు. ఆయనకి వీధి చివర కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఏ ఆట విడుదలైనా ఆరోజే కొని, ఆరోజే దాని గుణగణాలు మెట్ల మీద కనబడ్డవాళ్ళందరికీ చెప్పే మనిషి. చిన్నకోడలు వంటింట్లో టీ పోస్తుంటే ఆయన గొంతు వినబడింది.

"మీ కోడలుగారి ఆట నేనూ ఆడాను పిన్నిగారూ. బాగానే ఉంది."

చిన్నకోడలి చేతిలో టీగిన్నె ఆగింది. ఇదిగో, లోకం మాట కూడా అదే. ట్రే ఎత్తుకుని గుమ్మం దాకా వచ్చింది గానీ కాలు లోపలికి పడలేదు.

"కాకపోతే ఆ గొడుగు ఉందే, అది శుద్ధ లోపం. దానికోసం ఎవరూ రారు. పైగా పిడి ఓసారి ఇటు, ఓసారి అటు. గీసినవాళ్ళు చూసుకోలేదు, తప్పు."

"తప్పేమిటండీ?" అంది అత్తగారు.

"అదేనండీ, ఎవరూ ముట్టుకోకుండా పిడి ఎలా తిరుగుతుంది?"

"ఎవరూ ముట్టుకోలేదని మీకెవరు చెప్పారు? ఆ గొడుగు తాలూకు మనిషి వచ్చింది. మనం కౌంటర్లో తల వంచుకుని ఇంకెవరి సంచీనో వెతుకుతున్నాం, చూడలేదు. ఆవిడ గొడుగు తీసింది, చూసుకుంది, మళ్ళీ అక్కడే పెట్టేసి వెళ్ళిపోయింది. ఎందుకు తీసుకెళ్ళలేదో నేను వారం నుంచీ ఆలోచిస్తున్నాను. మళ్ళీ వస్తుందేమోనని ఆట మొదటినుంచీ ఆడుతున్నాను. మీరేమో పిడి వంకర అంటున్నారు!"

పెద్దకోడలు నోరు తెరిచి చూస్తోంది. బస్సు డ్రైవరు ఆడుతున్న ఆట ఆపాడు. అందులో బస్సు నడిరోడ్డు మీద నిలబడిపోయింది.

"అబ్బే, నేను బాగాలేదనలేదు కదండీ," అన్నాడు కళ్ళజోళ్ళాయన, "బాగానే ఉందన్నాను."

"బాగానే ఏమిటి? మధ్యలో ఆ ‘నే’ ఎందుకు? మిమ్మల్ని ఎవరడిగారు దాన్ని? కొట్టెయ్యండి!"

ఆవిడ గొంతు అంత పైకి లేవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. వాలుకుర్చీలో మామగారు ఒక కన్ను తెరిచి, "సౌండు తగ్గించండి" అన్నారు.

పైవాటా ఆయన అందరి మొహాలూ చూశాడు. ఎక్కడా దిక్కు దొరకలేదు.

"బాగుందండీ" అన్నాడు, పాఠం అప్పజెప్పినట్టు.

"ఆఁ. అదీ."

అప్పుడు చూసింది అత్తగారు గుమ్మంలో ట్రేతో నిలబడ్డ కోడల్ని. చెవులదాకా ఎర్రబడి, కళ్ళజోడు తీసి, తుడవడానికేమీ లేకపోయినా తుడుచుకుంది. చిన్నకోడలికి నవ్వూ ఏడుపూ కలిసొచ్చి, టీ సగం సాసర్లలోకి ఒలకబోసి అందరికీ ఇచ్చింది. చిన్నకొడుకు మాత్రం, "నాకెప్పుడూ కొట్టెయ్యలేదు గదే అమ్మా" అని సణిగాడు. "నువ్వు ఫుట్‌బాల్ గెలిచిన రోజు చూద్దాంలే" అంది వాళ్ళమ్మ.

పంచాయితీ చెదిరాక అత్తగారు ఖాళీ కప్పులు పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. కోడలు కడుగుతుంటే పక్కన నిలబడి గుడ్డతో తుడవసాగింది.

"రేపు ఆ ఆఫీసువాళ్ళకి ఏం చెప్తున్నావు?"

"రానని."

"ఊఁ." ఈసారి ఆ ఊఁ లో ఏముందో తెలుస్తూనే ఉంది. ఇంకో కప్పు తుడిచి బోర్లించాక, హాల్లోకి వినబడకుండా గొంతు తగ్గించి అడిగింది. "నిజం చెప్పు. ఆ గొడుగు పిడి తప్పే కదూ?"

చిన్నకోడలు అబద్ధం చెప్పొచ్చు. కావాలనే అలా గీశానంటే అత్తగారు నమ్మేదే. కానీ ఈ మనిషి దగ్గర మంచి మాట ఒకటి సంపాదించాక, దాన్ని అబద్ధంతో పాడుచెయ్యబుద్ధి కాలేదు.

"తప్పేనత్తయ్యా. రెండుసార్లు గీశాను, చూసుకోలేదు. రాత్రికి దిద్దేస్తాను."

అత్తగారు చేతిలోని గుడ్డని మడతపెట్టి, అంచులు సరిచేసి, దండెం మీద ఆరేసింది.

"దిద్దకు" అంది. "ఉంచు."