పనిమనిషి దీపం

దవాఖానా కిటికీలో రోజుకొక దీపం పెరుగుతోందంటే అడవిలోకి రోజుకొక దళం మనిషి దిగుతున్నట్టేనని కిరాణా కొట్టు భారతమ్మ అన్నదట. పోలీసు క్యాంపుకు నీళ్లు మోసే జంపక్క ఆ మాట తెచ్చి చెల్లెలు ముత్తక్క చెవిన వేసింది. ముత్తక్క గారెల పిండి రుబ్బుతూనే వింది. ఇరవయ్యేళ్లుగా ఆ దవాఖానాలో ఊడ్పూ వంటా ఆమెవే. మందునీళ్లకు వేళ్ల చివర్లు తెల్లగా చిట్లిపోయాయి.

డాక్టరు దేవసహాయం క్రైస్తవుడు. భార్య రాహేలమ్మ బొంబాయి యూదుల పిల్ల, నర్సు. ఆమెకు ఎనిమిది రోజుల దీపాల పండుగ. ఈ ఏడు ఎనిమిదో రోజు క్రిస్మసు నాడే పడింది. వరండాలో ఆయన కాగితపు నక్షత్రం, కిటికీలో ఆమె ప్రమిదల ఇత్తడి సెమ్మె. రెండు పండుగలకూ కలిపి ఒకటే మూకుడు గారెలు, ఇప్పనూనెలో.

మొదటి రోజే రాహేలమ్మ సెమ్మె మీద ఎత్తుగా ఉన్న ప్రమిదను చూపించింది.

"ఇది పనిమనిషి, ముత్తక్కా. మిగతావాటిని ఇదే వెలిగిస్తుంది. లెక్కలోకి రాదు."

నవ్వుతూనే అంది. అయినా తన వంక చూసి అన్నట్టే తోచింది ముత్తక్కకు. ముల్లు లోపలే విరిగింది. పైగా వెలిగినంతసేపూ రాహేలమ్మ ఆ దీపాల పక్కనే కూర్చునేది. మనిషి పోయిన ఇంట్లో తప్ప దీపాన్ని ఇంతగా కాపలా కాయడం ఆమె ఎరగదు. రోజూ ఎన్ని దీపాలో వచ్చి చెప్పమని క్యాంపు జమేదారు అడిగితే, పనిమనిషిని కూడా కలిపే చెబుతూ వచ్చింది.

క్రిస్మసు మధ్యాహ్నం జమేదారు దవాఖానాకు వచ్చి నింపాదిగా కూర్చున్నాడు.

"నిన్న ఎన్ని దీపాలు పెట్టిండ్రమ్మా?"

"ఏడు," అంది రాహేలమ్మ.

ముత్తక్క చేతిలో చీపురు ఆగింది. నిన్న తను చెప్పింది ఎనిమిది. ఇప్పుడు నోరు తెరిస్తే క్యాంపుకు మాటలు మోసిన సంగతి బయటపడుతుంది. తెరవలేదు.

పొద్దు గూకకముందే జీపు వచ్చింది. దీపం దాచారంటే మనిషిని దాచినట్టేనట.

"మంచాల మీదోళ్లకు గారెలు పెట్టెయ్, ముత్తక్కా," అని డాక్టరు వెనకే జీపెక్కింది రాహేలమ్మ. భార్యాభర్తలిద్దరూ మళ్లీ ఆ ఊరు రాలేదు.

జీపు కదిలాక జమేదారు, ఇద్దరు పోలీసులు దవాఖానా అంతా గాలించారు. మంచాల కింద చూశారు, నీళ్ల గోలేంలో కర్ర పెట్టి కెలికారు. ఎవరూ లేరు. కిటికీలో సెమ్మె అలాగే ఉంది, నూనె నింపి, వత్తులు వేసి, వెలగకుండా. జమేదారు వేలు పెట్టి లెక్కించాడు.

"ఎనిమిది రోజుల పండుగకు తొమ్మిది ఏందే?"

"మీదిది పనిమనిషి సారూ. ఎలిగిస్తది గని లెక్కల రాదట."

"గదేం లెక్క? కండ్ల ముందర ఉన్నదాన్ని లెక్కల ఎయ్యకుంటె ఎట్ల?"

ముత్తక్క సెమ్మెను కొంగుతో తుడిచింది.

"మీ క్యాంపుల నీళ్లు మోసే మా అక్కను హాజరీల ఏస్తున్నరా సారూ?"