నాంచారమ్మ బానెట్టు మూయని మధ్యాహ్నము

ప్రచండమార్తాండకిరణసంతప్తములై ఇనుపరేకుల కప్పులు చిటపటలాడ, నూనెమరకల నేలనుండి సెగలు లేవ, జ్యేష్ఠమధ్యాహ్నము బెజవాడ ఆటోనగరమును నిప్పులకుంపటిగా చేసియుండెను. ఆ వేళ శోభనాద్రి మేస్త్రి షెడ్డునందు ఒక తెల్లని టాక్సీకారు బానెట్టు తెరచుకొని నిలిచియుండెను.

సిగ్నలుకడ నిలిపినప్పుడెల్ల ఇంజను ఆగిపోవుచున్నదని మొన్న ఆ కారు వచ్చి మేస్త్రిచేత బాగుపడి పోయినది. నేడు ఆక్సిలరేటరుపైనుండి కాలు తీసినను ఇంజను తనంతట తానే రంకెలు వేయుచున్నదని డ్రైవరు పేరయ్య దానిని మరల తెచ్చెను. మేస్త్రి స్క్రూడ్రైవరు కొనను ఇంజనుకును పిడిని చెవికిని ఆనించి కన్నులరమోడ్చి క్షణకాలము సమాధిస్థుడై ఇంజను మొత్తము విప్పవలెనని తీర్పు చెప్పెను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనెడు ఆ ఘనునకు ఎదురాడువారు ఆ వీథిలో లేకుండిరి.

నాంచారమ్మ పదునొకండు వత్సరములుగా ఆ షెడ్డులో విప్పిన భాగములను కిరసనాయిలు తొట్టిలో కడుగుచుండెను. కడుగుటయే గాని బానెట్టు క్రింద ఆడుది చేయి పెట్టరాదని మేస్త్రి కట్టడి. ఏ భాగమున ఏ మసి ఏల పట్టునో ఆమె వ్రేళ్లకు తెలిసినంత ఆయన చెవికి తెలియదని నేను ఘంటాపథముగా చెప్పగలను.

ఆమె తొట్టి విడిచి వచ్చి బానెట్టు క్రిందికి వంగి చూచెను. గాలివడపోతపెట్టెనుండి వెడలిన నల్లని రబ్బరుగొట్టము ఇంజనును చేరుచోట జానెడైనను లేని లోహపు గొంతుక యొకటి కలదు. అదియే థ్రాటిల్. అందులో గుండ్రని రేకు ఇరుసుపై తిరుగుచుండును. డ్రైవరు ఆక్సిలరేటరు త్రొక్కగా కేబులు ఆ రేకును తెరచును, కాలు తీయగా స్ప్రింగు మూయును, ఎంత మూయవలయునో ఒక చిన్న స్క్రూ నిర్ణయించును. ఆ స్క్రూను ఎవరును కదపకుండ దానిపై వేసిన పచ్చరంగు సీలు పగిలి క్రొత్త గీత మెరయుచుండెను.

“ఇంజను విప్పక్కర్లేదు మేస్త్రిగారూ. మసి పట్టి గాలి చాలక ఆగిపోయేది. ఆ మసి తియ్యకుండా మీ చెవికి సరిపోయేదాకా ఈ స్క్రూ తిప్పేశారు. ఇప్పుడు రేకు మూసుకోట్లేదు.”

“నీ మాట తప్పయితే రేపట్నించి ఈ షెడ్డు గడప తొక్కమాకు,” అని మేస్త్రి గర్జించెను.

ఆ షెడ్డు తప్ప ఆమెకు వేరొక జీవనాధారము లేదు. భయము వేసినది, భయముకంటె కోపమెక్కువైనది. గొట్టము ఊడదీసి రేకు అంచున గట్టిపడిన మసిని మెత్తని గుడ్డతో తుడిచి స్క్రూను పాత పచ్చరంగు గుర్తుకడకు త్రిప్పి గొట్టము బిగించి పేరయ్యను తాళము త్రిప్పుమనెను. ఇంజను నెమ్మదిగా పలికెను. పేరయ్య త్రొక్కి వదలినంతనే శాంతించెను. అతడు పదిమారులు త్రొక్కి పదిమారులు వదలి చూచెను.

మేస్త్రి ఆమెను ప్రక్కకు పిలిచి కారు యజమాని వచ్చుచున్నాడనియు, బాగుచేసినది తానని చెప్పెదననియు, బానెట్టు మూసి తొట్టికడకు పోయినచో ఆమె పనికి ముప్పులేదనియు తగ్గుస్వరమున పలికెను.

“మూయనండి. ఎవరు చేశారో ఓనరుగారికి నేనే చూపిస్తాను. పని పోతే పోనీండి,” అని నాంచారమ్మ అందరు వినునట్లుగా చెప్పెను.

ప్రక్కషెడ్లవారు ఒక్కొక్కరే వచ్చి గుమిగూడిరి. ఆమె మసిచేతిని కొంగున తుడువక, తలవంపక, ఆ వేడి ఇంజనుకడనే నిలిచెను. చేసిన పనిని దాచి నిలుపుకొన్న చోటు చోటు కాదు గదా!